తలకు దెబ్బ తగిలాక: ఇంటింటా నన్ను అడిగే ప్రశ్నలు

నేను ఫిజియోథెరపిస్టుని. బండి మీంచి పడో, మేడ మీంచి జారో తలకు దెబ్బ తగిలి, ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చినవాళ్ల చేత వ్యాయామాలు చేయించడం నా పని. ఏ ఇంటికి వెళ్లినా మొదటి అరగంట కాళ్లూ చేతుల గురించి గడవదు. ఐసీయూ బయట నిలబడి అడగలేక మింగేసిన ప్రశ్నలన్నీ అప్పుడు బయటికి వస్తాయి. ఊళ్లు వేరైనా ప్రశ్నలు మాత్రం అవే, అందుకే రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. మందుల మోతాదులు రాయలేదు, అవి మీ మనిషిని చూస్తున్న డాక్టరే చెప్పాలి.

## దెబ్బ తగిలిన రోజు

బండి మీంచి పడ్డాడు, పిలిస్తే పలకడం లేదు. ముందు ఏం చెయ్యాలి?

108కి ఫోన్ చెయ్యండి. తర్వాత ఊపిరి ఆడుతోందో లేదో చూడండి. తలకు గట్టి దెబ్బ తగిలినవాళ్లలో కొందరికి మెడ ఎముక కూడా విరిగి ఉంటుంది. కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కూలేస్తే, నడవగలిగే మనిషి జీవితాంతం మంచాన పడవచ్చు. కూర్చోబెట్టకండి, తల ఊపకండి, నోట్లో నీళ్లు పొయ్యకండి. స్పృహ లేనప్పుడు ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాంతి చేసుకుంటుంటే ఇద్దరు ముగ్గురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేలా పక్కకు తిప్పండి. ఊపిరి బాగానే ఆడుతుంటే హెల్మెట్ తియ్యకండి.

రోడ్డు మీద మెదడుకు తగిలిన దెబ్బను ఎవరూ వెనక్కి తీసుకోలేరు. కానీ ఆక్సిజన్ తగ్గడం, బీపీ పడిపోవడం దానికి రెండో దెబ్బ. చికిత్సంతా ఆ రెండోదాన్ని ఆపడానికే. అంబులెన్సు కోసం చూడాల్సిన ఆ కాసేపూ భారమే, తెలుసు. అయినా అందులో ఉండే ఆక్సిజన్ ఆటోలో ఉండదు.

సాయం చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామేమో?

ఇరుక్కోరు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్, గాయపడినవాళ్లకు మంచి మనసుతో సాయపడినవాళ్లకు రక్షణ ఇస్తుంది. మీ పేరు, వివరాలు చెప్పమని బలవంతపెట్టడానికి వీల్లేదు. ఆస్పత్రిలో దించి వెళ్లిపోవచ్చు.

రక్తం బాగా బయటికి పోయింది, ఇక లోపల గడ్డకట్టదని పెద్దవాళ్లు అంటున్నారు. నిజమేనా?

కాదు. బయటికి కారేది తల మీది చర్మం నుంచి వచ్చే రక్తం. లోపల గడ్డకట్టేది పుర్రె కింద ఉన్న నాళాల నుంచి కారేది. ఒకటి బయటికి పోతే రెండోది ఆగదు. తల మీద చిన్న గీత కూడా లేకుండా లోపల పెద్ద గడ్డ ఉన్నవాళ్లున్నారు. పదిహేను కుట్లు పడినా లోపల ఏమీ లేనివాళ్లూ ఉన్నారు.

చెవిలోంచి, ముక్కులోంచి నీళ్లలా కారుతోంది. దూది పెట్టి మూసెయ్యాలా?

మూయకండి. అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. పుర్రె అడుగు భాగం చిట్లితే అలా కారుతుంది. దూది కుక్కితే బయటి క్రిములను లోపలికి నెట్టినట్టే. ముక్కు చీదనివ్వకండి. పైన శుభ్రమైన గుడ్డ వదులుగా ఉంచి ఆస్పత్రికి తీసుకెళ్లండి. కొన్ని గంటల తర్వాత కళ్ల చుట్టూ, లేదా చెవి వెనక నల్లగా కమిలితే ఆ మాటా డాక్టరుకి చెప్పండి.

తాగి ఉన్నాడు. మత్తులో పడుకున్నాడనుకుని పొద్దుటిదాకా లేపలేదు. తప్పు చేశామా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు ఎవరూ నా కళ్లలోకి చూడరు. తప్పు మీది కాదు. మందు మత్తూ మెదడు వాపూ పైకి ఒకేలా కనిపిస్తాయి, అనుభవమున్న డాక్టర్లు కూడా స్కాన్ లేకుండా చెప్పలేరు. అందుకే ఇది చదువుతున్న మిగతావాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తాగినవాడు పడి తలకు దెబ్బ తగిలిందంటే, అది మత్తు కాదు తల దెబ్బేనని అనుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

స్కాన్‌లో ఏమీ లేదని ఇంటికి పంపేశారు. రాత్రి నిద్రపోనివ్వొచ్చా?

నిద్రపోవచ్చు, మెదడుకు అది అవసరం కూడా. రాత్రంతా కూర్చోబెట్టి మేలుకొలపనక్కర్లేదు. కాకపోతే మొదటి 24 గంటలూ ఒంటరిగా వదలకండి. మధ్యలో లేపి చూడమని డాక్టరు చెబితే, లేపి పేరు, ఊరు అడగండి. తలనొప్పి అంతకంతకూ పెరిగినా, వాంతులు ఆగకపోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో బలహీనపడినా, ఒక కంటిపాప పెద్దదైనా, ఫిట్స్ వచ్చినా, ఎంత లేపినా లేవకపోయినా తెల్లారేదాకా ఆగకండి.

కణత దగ్గర ఎముక పల్చగా ఉంటుంది, దాని లోపలి అంచున ఒక ధమని ఉంటుంది. అది చిట్లితే, పడ్డవాడు కాసేపు తేరుకుని మామూలుగా మాట్లాడి, కొన్ని గంటల తర్వాత ఉన్నట్టుండి కుప్పకూలొచ్చు. ఆ మధ్య సమయాన్ని చూసి గండం గడిచిందనుకుంటారు. వెంటనే ఆపరేషన్ జరిగితే బాగా కోలుకునే రకం దెబ్బ ఇది. అందుకే ఆ రాత్రి మెలకువగా ఉండాల్సింది పక్కన ఉన్నవాళ్లు.

నాన్న బాత్రూంలో జారిపడి నెల దాటింది. అప్పుడు బాగానే ఉన్నారు, ఇప్పుడు నడక తూలుతోంది, మాట మరిచిపోతున్నారు. వయసు వల్లేనా?

వయసు అని సరిపెట్టుకోకండి, సీటీ తీయించండి. వయసు పెరిగేకొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోయి, దానికీ పుర్రెకూ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీలో సాగి ఉన్న సన్నటి సిరలు చిన్న దెబ్బకే చిట్లి, రక్తం వారాల తరబడి కొద్దికొద్దిగా ఊరుతుంది. గుండె కోసం రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకూ, రోజూ తాగేవాళ్లకూ ఈ ప్రమాదం ఎక్కువ. చాలామందికి పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ పాత రక్తం తీసేస్తే సరిపోతుంది. మతిమరుపు జబ్బని ఊరుకున్న మనిషి వారం తిరక్కుండా పేపరు చదువుకోవడం నేను చూశాను.

## ఐసీయూ బయట

జీసీఎస్ 6 అంటున్నారు. అంటే ఏంటి?

గ్లాస్గో కోమా స్కేల్, అంటే స్పృహకు వేసే మార్కు. 1974లో గ్లాస్గో నగరంలో ఇద్దరు డాక్టర్లు, టీస్‌డేల్, జెన్నెట్, తయారుచేసిన కొలత. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కాళ్లూ చేతుల కదలికకు 6, మొత్తం 15. ఏమీ చెయ్యలేనివాళ్లకు కూడా 3 వస్తుంది, సున్నా ఉండదు. 13 నుంచి 15 తేలికపాటి దెబ్బ, 9 నుంచి 12 మధ్యరకం, 8, అంతకంటే తక్కువైతే తీవ్రం. ఒక రోజు అంకె చూసి గుండె జారిపోనక్కర్లేదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంతో అడగండి. అందులోనూ కదలిక మార్కు ఎంతో అడగండి, అన్నిటికంటే ఎక్కువ చెప్పేది అదే.

72 గంటలు గడిస్తేగానీ చెప్పలేం అంటున్నారు. తప్పించుకుంటున్నారా?

లేదు. కాలు బెణికితే మర్నాటికి వాచినట్టే మెదడూ మెల్లగా వాస్తుంది, సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల మధ్య వాపు బాగా ఎక్కువగా ఉంటుంది. కాలైతే వాచడానికి చోటుంటుంది, పుర్రెలో అది లేదు. లోపల ఒత్తిడి పెరిగితే రక్తం పైకి ఎక్కదు. మత్తులో ఉంచడం, తల వైపు మంచం ఎత్తడం, మ్యానిటాల్ లాంటి మందులు ఎక్కించడం, అన్నీ ఆ ఒత్తిడి తగ్గించడానికే.

స్టిరాయిడ్ ఇస్తే వాపు తగ్గుతుందట. ఎందుకివ్వడం లేదు?

ఒకప్పుడు ఇచ్చేవారు. క్రాష్ అనే పరీక్షలో 10,008 మందిని చూశారు. 2004లో ఫలితాలు వచ్చాయి. స్టిరాయిడ్ ఇచ్చినవాళ్లలో రెండు వారాల్లో 21.1 శాతం చనిపోయారు, ఇవ్వనివాళ్లలో 17.9 శాతం. మెదడులో కణితి (ట్యూమర్) పెరిగినప్పుడు చుట్టూ వచ్చే వాపుకు పనిచేసే మందు, దెబ్బ వల్ల వచ్చే వాపుకు మేలు చెయ్యలేదు. ఇవ్వకపోవడమే సరైన వైద్యం.

పరిస్థితి సీరియస్ అంటారు, ఆపరేషన్ మాత్రం అక్కర్లేదంటారు. ఇదెలా కుదురుతుంది?

గడ్డకట్టిన రక్తం ఒకచోట ఉండి మెదడును నొక్కుతుంటే తీసెయ్యొచ్చు. కానీ వేగంగా వెళ్తున్న తల ఒక్కసారిగా ఆగి మెలి తిరిగినప్పుడు, మెదడు లోపలి సన్నటి తీగలు సాగి తెగుతాయి. కరెంటు స్తంభాలన్నీ నిలబడే ఉండి వైర్లు మాత్రం అక్కడక్కడా తెగినట్టు. తియ్యడానికి అక్కడ ఏమీ ఉండదు. సీటీలో అది పెద్దగా కనిపించదు, ఎంఆర్ఐలో కొంత తెలుస్తుంది.

తల ఎముక తీసి పొట్టలో దాచారట. మళ్లీ పెడతారా?

పెడతారు. వాచిన మెదడుకు చోటివ్వడానికి పుర్రెలో ఒక ముక్క తీస్తారు. దాన్ని పొట్ట చర్మం కింద భద్రపరచడమో, లోతైన చలిలో నిల్వ ఉంచడమో చేస్తారు. వాపు తగ్గాక, ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకుని, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తిరిగి అమరుస్తారు. ఆ ఎముక పనికిరాకపోతే టైటానియం లాంటివి వాడతారు. అప్పటిదాకా ఆ వైపు ఒత్తిడి పడకూడదు. ఎముక పెట్టాక నడక, చురుకు మెరుగైనవాళ్లను నేను చూశాను, అందుకే డాక్టరు రమ్మన్న తేదీ దాటనివ్వకండి.

కోమాలో ఉన్నాడు. మేం మాట్లాడితే వినిపిస్తుందా?

వినిపిస్తుందో లేదో పైకి చూసి ఎవరూ చెప్పలేరు. కదలలేని కొందరిలో మెదడు మాటకు స్పందించడం స్కాన్లలో కనిపించింది. అందుకని వినిపిస్తోందనుకునే మాట్లాడండి. ఒక్కరే, నెమ్మదిగా, మీరెవరో చెప్పి, ఇవాళ ఏ వారమో చెప్పి, ఇంటి సంగతులు చెప్పండి. మంచం పక్కన ఖర్చుల గురించి, బతుకుతాడా లేదా అన్నదాని గురించి మాట్లాడకండి.

బ్రెయిన్ డెడ్ అన్నారు. గుండె కొట్టుకుంటోంది కదా, కోమా అంటే ఇదే కాదా?

కాదు. కోమాలో మెదడు బలహీనంగానైనా పనిచేస్తుంది, కొందరు తేరుకుంటారు. బ్రెయిన్ డెడ్ అంటే ఊపిరిని నడిపించే మెదడు కాండంతో సహా పని పూర్తిగా, శాశ్వతంగా ఆగిపోవడం. గుండె వెంటిలేటరు అందించే ఆక్సిజన్‌తో కొంతకాలం కొట్టుకుంటుంది. అవయవదానానికి సంబంధించి 1994 చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. వెంటిలేటరు ఆపి సొంతంగా ఊపిరి తీస్తారేమో చూడడం అందులో ఒకటి. ఆ తర్వాతే జీవన్‌దాన్ (ప్రభుత్వ అవయవదాన పథకం) సమన్వయకర్తలు అవయవదానం గురించి అడుగుతారు. అవునన్నా కాదన్నా మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టకూడదు. ఆలోచించుకోవడానికి సమయం అడగండి.

## కళ్లు తెరిచాక

మెలకువ వచ్చింది, కానీ బూతులు తిడుతున్నాడు, గొట్టాలు పీకేస్తున్నాడు. చేతులు కట్టేశారు. ఎప్పుడూ ఇలాంటివాడు కాదు.

సినిమాల్లోలా కళ్లు తెరవగానే అమ్మా అని పిలవడం నిజంలో అరుదు. మెదడు పొరలు పొరలుగా మేలుకుంటుంది, మధ్యలో ఈ గందరగోళపు దశ చాలామందికి వస్తుంది. తానెక్కడున్నాడో తెలియదు, అయిదు నిమిషాల కిందటి మాట నిలవదు. కొత్త మొహాలు, గొట్టాలు, మోతలు, అన్నిటికీ భయం. ఆ తిట్లు భయంలోంచి వచ్చేవి, మిమ్మల్ని ఉద్దేశించినవి కావు. వాదించకండి, గుర్తుందా గుర్తుందా అని పరీక్షలు పెట్టకండి. చూడ్డానికి వచ్చేవాళ్లను తగ్గించండి. లైటు, టీవీ తగ్గించి, తెలిసిన ఒక్క మనిషి పక్కన కూర్చుంటే కట్లు విప్పే రోజు త్వరగా వస్తుంది. ఈ దశ గడిచాక ఇందులో చాలావరకు అతనికి గుర్తుండదు. మీరూ గుర్తుచెయ్యకండి.

ముక్కులో గొట్టం ఉంది. కొంచెం కొబ్బరినీళ్లు నోట్లో పొయ్యొచ్చా?

ప్రేమ కొద్దీ చేసే ఈ పని వల్లే న్యుమోనియా వచ్చి మళ్లీ ఐసీయూకి వెళ్లినవాళ్లున్నారు. మింగడం మెదడు నడిపించే పని, దెబ్బ తర్వాత అది దారి తప్పొచ్చు. దగ్గు రాకుండానే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారిపోవచ్చు. మింగడాన్ని పరీక్షించాక, మొదట చిక్కటి పదార్థాలతో మొదలుపెడతారు. పల్చటి నీళ్లే అన్నిటికంటే కష్టం.

## ఇంటికి వచ్చాక

మనిషి బతికాడు, నడుస్తున్నాడు. కానీ ఇతను మా ఆయన కాదు. ఎందుకిలా మారిపోయాడు?

ఈ ఒక్క ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాను.

నుదురు వెనక ఉండే మెదడు భాగమే మనల్ని ఆగమంటుంది. కోపం వచ్చినా మాట మింగమనీ, పిల్లల ముందు ఇది అనకూడదనీ, ఈ పని పూర్తిచేసి లేవమనీ చెప్పేది అదే. ముందుకు పడినా, వెనక్కి పడినా, పుర్రె లోపలి గరుకు అంచులకు ఒరుసుకుని ఎక్కువగా దెబ్బతినేదీ అదే. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో ఫినియస్ గేజ్ అనే రైల్వే పనివాడి పుర్రెలోంచి ఇనుప కడ్డీ దూసుకుపోయింది. బతికాడు, మాట్లాడాడు, నడిచాడు. కానీ అతని స్నేహితులు ఇతను గేజ్ కాదన్నారు. మీరు చెప్పిన మాటే వాళ్లూ చెప్పారు.

కాలు విరిగినవాడు కుంటితే జాలిపడతాం. ఆగమనే భాగం దెబ్బతిన్నవాడు అరిస్తే పొగరు అంటాం. రెండూ దెబ్బలే. పొట్లాట మొదలైనప్పుడు సరిచెయ్యాలని చూడకండి, పక్క గదిలోకి వెళ్లండి, పది నిమిషాల తర్వాత వేరే సంగతి మాట్లాడండి. రోజును ఒకే వరసలో నడపండి, లేవడం, స్నానం, తిండి, నడక అన్నీ అవే వేళలకు. అలసట, ఆకలి, గోల ఉన్నప్పుడే కోపం ఎక్కువ వస్తుంది, ఏ వేళకు వస్తోందో వారం పాటు రాసి చూడండి. చెయ్యి చేసుకునేదాకా వస్తే మాత్రం సర్దుకుపోకండి. సైకియాట్రిస్టు దగ్గర దీనికి మందులున్నాయి. అది పిచ్చి ముద్ర కాదు. మీరూ పిల్లలూ క్షేమంగా ఉండడం ముందు.

రోజంతా మంచం మీదే. చెబితేగానీ స్నానం కూడా చెయ్యడు. బద్ధకం కాదా?

పని మొదలుపెట్టమని చెప్పే మీట దెబ్బతింది. చెయ్యాలని ఉంటుంది, మొదలుకాదు. "స్నానం చెయ్యి" అనడం కంటే తువ్వాలు చేతికిచ్చి బాత్రూం దాకా నడిపించడం పనిచేస్తుంది. నిరాశ, ఏడుపు, చావు మాటలు కూడా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, డాక్టరుకి చెప్పాలి.

పెళ్లి చేస్తే బాధ్యత వచ్చి మారతాడంటున్నారు.

దయచేసి చెయ్యకండి. పెళ్లి మెదడుకు మందు కాదు. దెబ్బ సంగతి దాచి ఒక ఆడపిల్లను ఆ ఇంటికి తేవడం అన్యాయం. అతను కోలుకుని, తన నిర్ణయాలు తను తీసుకోగలిగినప్పుడు, అన్నీ చెప్పి చేసుకుంటే అది వేరు.

ఫిట్స్ మందు ఎప్పుడు ఆపాలి? ఫిట్స్ వస్తే తాళాలు చేతిలో పెట్టాలా?

ఫిట్స్ ఒక్కసారీ రానివాళ్లకు ముందు జాగ్రత్తగా ఇచ్చే మందు సాధారణంగా మొదటి వారానికే ఉద్దేశించింది. వారం దాటాక ఫిట్స్ వచ్చినవాళ్లకు చాలాకాలం కావాలి. మీది ఏ రకమో డాక్టర్ని అడగండి, సొంతంగా ఒక్కసారిగా ఆపకండి, ఆపినందుకే ఫిట్స్ రావచ్చు. తాళాలు, ఇనుము, ఉల్లిపాయ ఏవీ పనిచెయ్యవు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి.

మెదడుకు బలం వచ్చే మాత్రలు వేలకు వేలు పోసి కొంటున్నాం. ఉపయోగముందా?

వాటిలో ఎక్కువగా రాసే సిటికోలిన్‌ని తలకు దెబ్బ తగిలిన 1,213 మంది మీద 90 రోజులు పరీక్షించారు. 2012లో వచ్చిన ఫలితం ప్రకారం ఉత్తుత్తి మాత్రకంటే మేలేమీ చెయ్యలేదు. ఆ డబ్బు మాటకు స్పీచ్ థెరపీకి, చేతికి వ్యాయామానికి, మంచి తిండికి పెట్టండి.

ఎన్నాళ్లకు నార్మల్ అవుతాడు?

మొదటి ఆరు నెలల్లో మార్పు వేగంగా కనిపిస్తుంది, రెండేళ్ల దాకా సాగుతుంది, ఆ తర్వాత కూడా మెల్లగా కొత్త పనులు నేర్చుకుంటారు. తీవ్రమైన దెబ్బ తగిలినవాళ్లలో చాలామంది మునుపటిలా పూర్తిగా కారు. వారానికి వారం పోల్చకండి, మూడు నెలలకోసారి ఫోన్‌లో చిన్న వీడియో తీసి చూసుకోండి. ముందు బాగుండి, ఉన్నట్టుండి వెనకబడితే మాత్రం స్కాన్ కావాలి, మెదడులో నీరు చేరి ఉండొచ్చు.

కూర మాడినా వాసన తెలియడం లేదంటోంది అమ్మ.

ముక్కు నుంచి మెదడుకు వెళ్లే సన్నటి నరాలు తెగితే అలా అవుతుంది. కొందరికి నెలల్లో తిరిగి వస్తుంది, కొందరికి రాదు. గ్యాస్ లీకు తెలియదు కాబట్టి వంటింట్లో అలారం పెట్టించండి, పాలు, కూరలు వేరేవాళ్లు వాసన చూశాక తినమనండి.

మళ్లీ బండి ఎప్పుడు నడపొచ్చు?

నడవగలిగినంత మాత్రాన కాదు. చూపు, స్పందించే వేగం, ఓర్పు సరిగ్గా ఉన్నాయని డాక్టరు చెప్పాలి. ఫిట్స్ వస్తుంటే నడపకూడదు, లైసెన్సు దరఖాస్తులో ఆ ప్రశ్న నేరుగా అడుగుతారు. 2022లో మన దేశంలో హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఇంట్లో రెండు హెల్మెట్లు ఉండాలి, ఐఎస్ఐ గుర్తుతో, గడ్డం కింద బిగించి.

## డబ్బు, కాగితాలు

ఖర్చుకు ఏ పథకాలు వర్తిస్తాయి? నష్టపరిహారం ఎలా?

ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కౌంటరులో మొదటి రోజే అడగండి. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు, గుర్తించిన ఆస్పత్రుల్లో, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు 1.5 లక్షల దాకా నగదు లేని చికిత్స ఉంది. ఎఫ్ఐఆర్, ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం ఆస్పత్రి రాసే కాగితం), డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ ఫిల్ములు ఒకే సంచిలో దాచండి. మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో దరఖాస్తు ఆరు నెలల్లోపు వెయ్యాలని చట్టం, కాబట్టి కోలుకున్నాక చూద్దామని ఆగకండి.

చెయ్యీ కాలూ బాగానే ఉన్నాయి, జ్ఞాపకశక్తి పోయింది, కోపం ఎక్కువ. వికలాంగుల సర్టిఫికెట్ వస్తుందా?

వికలాంగుల హక్కుల 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. తల దెబ్బ అని వేరే పేరు లేకపోయినా, దాని వల్ల మిగిలిన లోపాన్ని బట్టి ఇస్తారు. మాట పోతే మాటకు సంబంధించిన వైకల్యం కింద, ప్రవర్తన మారితే మానసిక అనారోగ్యం కింద చూస్తారు. సర్టిఫికెట్ కోసం పరీక్షించే మెడికల్ బోర్డు ముందుకు అతన్ని ఒంటరిగా పంపకండి. ఎలా ఉన్నావంటే బాగున్నానంటాడు, అబద్ధం చెప్పడు, తనలో ఏం మారిందో అతనికి నిజంగానే తెలియదు. రోజూ చూసే భార్యో, తల్లో పక్కన కూర్చుని, రాసుకున్న నోటు పుస్తకం చూపించి, తేదీలతో చెప్పాలి.